కొండ మీదికి కొన్న కోటు

విట్లో అనే ముసలాయన ఫోనులో చెప్పింది ఒక్కటే మాట.

"కూర్చుంటే పదింటిదాకా కూర్చోవాలి, మిసెస్ రాజ్. చలేస్తోందని ఎనిమిదింటికే దిగి వస్తే కొండ మీద జింకలన్నీ చెదిరిపోతాయి. ఈసారీ అలాగే దిగితే ఆ చోటు మా బావమరిదికి ఇచ్చేస్తాను."

"పదింటిదాకా కూర్చుంటాను," అంది విమలకుమారి.

ఆ చోటంటే పెద్దదేమీ కాదు. అమెరికాలో వాళ్లుండే హెర్న్‌డన్ నుంచి రెండు గంటలు కారులో వెళ్తే వచ్చే కొండ వాలులో, ఒక ఓక్ చెట్టు మొదట్లో మేకులు కొట్టిన రెండు పలకలు. భూమి విట్లోది. ఏడేళ్లపాటు వేట మొదలయ్యే రోజున ఆ పలకల మీద కూర్చున్నవాడు ఆమె భర్త సుందర్ రాజ్. ఆయన మార్చిలో పోయాడు. అంతకు ముందు రెండేళ్లు ఆమె కూడా లైసెన్సు తీసుకుని, తుపాకీ నేర్చుకుని, ఆయన పక్కన కూర్చుంది. రెండుసార్లూ ఎనిమిది కాకముందే వేళ్లు కొయ్యబారిపోయి లేచింది. ఆమెతో పాటు ఆయనా లేచాడు. వేట చెడిందని ఒక్క మాట అనలేదు. ఫ్లాస్కులో టీ వంచి ఇచ్చాడు, అంతే.

ఇప్పుడు ఆ చోటు నిలబెట్టుకోవాలి. దానికి కావలసింది ధైర్యం కాదు, సరైన కోటు అని ఆమెకు బాగా తెలుసు.

అక్టోబరు చివరి శనివారం దేవకుమార్‌ని వెంటబెట్టుకుని వేట సామాన్ల దుకాణానికి వెళ్లింది. దేవకుమార్ వాళ్ల తెలుగు చర్చి సంఘంలో వాడే. సుందర్ రాజ్‌ని అన్నా అని పిలిచేవాడు. అదే కొండకి అవతలి పక్క కూర్చునేవాడు.

"అన్న కోటు ఉంది కదా వదినా, బంగారంలాంటిది. మళ్లీ కొత్తదెందుకు?"

"భుజాల దగ్గర జారిపోతోంది. సందు దొరికితే గాలి దూరుతుంది. అది ఆయన కొలతకి కొన్నది."

ఆ కోటు ఇంకా వీధి తలుపు పక్కన కొక్కేనికే ఉంది.

దుకాణంలో మనిషి ఆమెను చూసి, ఆడవాళ్లవి అటు పక్కన అంటూ మంచు ఆటలకి వేసుకునే గులాబిరంగు కోట్లు చూపించాడు.

"ఇది వేసుకుంటే జింక పారిపోదు. నిలబడి నవ్వుతుంది. మగవాళ్లవి చూపించండి, అన్నిటికన్నా చిన్న సైజు."

అతను మూడు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటిది బాతు ఈకలు కూరినది. మడిస్తే రెండు గుప్పిళ్లలో ఇమిడిపోయింది. విమలకుమారి దాని చేతిని చెవి దగ్గర పెట్టుకుని రుద్దింది. నైలాను గరగరమంది.

"తడిస్తే?"

"ముద్దైపోతుంది," అన్నాడతను నిజాయితీగా.

నవంబరులో ఆ కొండ మీద పొద్దున్నే మంచు కురిసి ఆకులన్నీ తడిగా ఉంటాయి. ఈకల కోటు పక్కన పెట్టేసింది.

రెండోది ఉన్ని. చప్పుడు లేదు, తడిసినా వెచ్చదనం తగ్గదు.

"ఇది తీసుకోండి వదినా, మా అబ్బాయి పెద్దయ్యేదాకా చిరగదు," అన్నాడు దేవకుమార్.

ఆమె దాన్ని చేతుల్లో బరువు చూసింది. మడవబోతే మడత పడలేదు. అంటే ఒంటి మీదే మొయ్యాలి. నలభై నిమిషాలు కొండెక్కాలి. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, కూర్చున్న గంటకి ఆ చెమటే మంచుగడ్డ అవుతుంది. రెండేళ్లూ ఆమెను కొండ దింపింది చలి కాదు, ఆ చెమట. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

"ఎక్కేటప్పుడు సంచిలో ఉండాలి. కూర్చున్నాక ఒంటి మీద ఉండాలి. అలాంటిది కావాలి."

మూడోదానికి లోపల పాలియెస్టరు దూది, పైన పీచు లేపిన మెత్తటి గుడ్డ. రుద్దితే చప్పుడు రాలేదు. దానితో పాటు వచ్చిన సంచిలోకి కూరితే చిన్న తలగడంత అయింది. విమలకుమారి కోటును తిరగేసి కుట్లు చూసింది. మోచేతుల దగ్గర రెండో పొర ఉందో లేదో తడిమింది. చేతికి తొడుగులు వేసుకుని జిప్పు పదిసార్లు లాగింది. తర్వాత స్వెటరు మీద తొడుక్కుని, దుకాణం మధ్యలో నేల మీద గొంతుక్కూర్చుని, తుపాకీ ఎత్తినట్టు చేతులు ఎత్తింది.

"వదినా, లేవండి. అందరూ మనల్నే చూస్తున్నారు."

"చూడనీ. అక్కడికెళ్లాక నడుం దగ్గర పైకి లేచిందంటే ఎవరితో చెప్పుకోను?"

కోటు నడుం దాటి కిందికే ఉంది. అదే కొంది.

ఇంటికి తెచ్చాక, వేట రోజు దాకా మూడు వారాలు దాన్ని దాచాలి కదా. బందరులో వాళ్లమ్మ చలిబట్టలు ఎలా దాచేదో అలాగే దాచింది. సంచిలో నాలుగు కలరా ఉండలు వేసి, తాడు బిగించి కట్టింది. ఆ పని చేస్తున్నప్పుడు రెండో ఆలోచన రానేలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చలిబట్టల్నీ కలరా ఉండల్నీ విడదీయవచ్చని ఎవరు అనుకున్నారు గనక?

వేట మొదలయ్యే రోజు తెల్లవారుతుండగా, పల్చటి స్వెటరు, దాని మీద చట్టం ప్రకారం వేసుకోవలసిన నారింజరంగు తొడుగు, టోపీతో దేవకుమార్ వెంట కొండెక్కింది. ఒళ్లు తడవలేదు. దారి చీలే చోట ఆగి సంచి విప్పింది.

దేవకుమార్ ముక్కు మూసుకున్నాడు.

"ఇదేంటి వదినా! మా అమ్మమ్మ ట్రంకుపెట్టె తెరిచినట్టుంది!"

"కలరా ఉండలు," అంది విమలకుమారి. ముఖం మాడిపోయింది.

"అయ్యో! మనం కనబడక ముందే జింక మన వాసన పట్టేస్తుంది. ఈ కోటు వేసుకుంటే అన్న చోటుకి ఉడత కూడా రాదు. వేసుకోకపోతే మీరు ఎనిమిదింటికి దిగిపోతారు. నా మాట విని కింద నా ట్రక్కులో కూర్చోండి. సంఘంలో కృతజ్ఞతా కూడికకి ఈసారి జింక మాంసం బదులు కోడికూర వండిస్తాలెండి."

"కోడికూర నువ్వు తిను."

ఆమె ఉండల్ని ఏరి తీసి జేబురుమాల్లో ముడివేసి అతని చేతిలో పెట్టింది. కోటును నాలుగుసార్లు దులిపింది. మూడు వారాలు నొక్కుకుపోయిన దూది మెల్లగా పొంగింది. వాసన మాత్రం పోలేదు. అప్పుడు బండ కింద తడవకుండా ఉన్న ఎండుటాకు ఒకటి తీసి, నలిపి, వేళ్ల మధ్య నుంచి వదిలింది. పొడి తూర్పుకి కొట్టుకుపోయింది.

పడమటి గాలి. సుందర్ రాజ్ పలకలు వాలుకి పడమట ఉన్నాయి. అక్కడ కూర్చుంటే ఆమె వాసన సూటిగా జింకల బాట మీదికి పోతుంది. బాట దాటి, వాగు దాటి, తూర్పు గట్టు మీద కూర్చుంటే గాలి జింకల మీంచి ఆమె వైపు వస్తుంది.

"నేను వాగు అవతల గట్టు మీద ఉంటాను. గుర్తుపెట్టుకో, అటు కాల్చకు."

"అన్న చోటు వదిలేస్తారా?"

విమలకుమారి కోటు తొడుక్కుంది. జిప్పు మెడ దాకా లాగింది.

"ఆ చోట ఈ కోటు పనికిరాదు. ఈ కోటు లేకుండా నేను పనికిరాను."

గట్టు మీద పడిపోయిన మొద్దు ఒకటి ఉంది. దానికి వీపు ఆన్చి కూర్చుంది. తెల్లవారాక ఎదుటి వాలులో ఓక్ చెట్టు, దాని కింద ఖాళీ పలకలు కనిపించాయి. ఆ పలకల్ని ఇంత దూరం నుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు. చాలాసేపు చూసింది. తర్వాత చూపు బాట మీదికి తిప్పుకుంది.

ఏడయింది. మంచు పడి కోటు మీది పీచు చివర్లు తెల్లబడ్డాయి. లోపల వెచ్చగానే ఉంది. ఎనిమిదయింది. వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చూసుకుంది. అన్నీ మాట విన్నాయి.

తొమ్మిది దాటాక కొమ్ముల జింక ఒకటి వాలు దిగి వచ్చింది. వాగు దగ్గర ఆగి, తల ఎత్తి, గాలి పీల్చింది. గాలిలో దానికి ఏ తేడా తెలియలేదు. అది నీళ్లకి తల వంచినప్పుడు విమలకుమారి తుపాకీ ఎత్తింది. కోటు చేతులు చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు. ఒక్కసారే కాల్చింది. జింక వాగు దాటి, ఇవతల నాలుగడుగులు వేసి పడిపోయింది.

అప్పుడు కూడా ఆమె లేవలేదు. ఇంకా పది కాలేదు.

పదింటికి విట్లో ఊపిరి ఎగబీలుస్తూ ఓక్ చెట్టు దగ్గరికి వచ్చాడు. ఖాళీ పలకలు చూసి, టోపీ తీసి, తల అడ్డంగా ఊపాడు. విమలకుమారి తన నారింజరంగు టోపీ ఎత్తి ఊపింది. అతను కళ్లు చికిలించి చూసి, వాగులో రాళ్ల మీద అడుగులేసుకుంటూ ఇవతలికి వచ్చాడు. జింక చుట్టూ ఒకసారి తిరిగాడు.

"తెల్లారినప్పటి నుంచీ ఇక్కడేనా?"

"ఇక్కడే."

"చెప్పిన మాట నిలబెట్టుకున్నారు. రాజ్ చోటు మీదే ఇంక. మా బావమరిదికి వేరేది చూపిస్తాను."

విమలకుమారి ఎదుటి చెట్టు వైపు చూసింది. ఆ ఒక్క మాట కోసమే ఇంత చలిలో వచ్చింది. నోటిదాకా వచ్చిన జవాబు మింగి, వేరే జవాబు చెప్పింది.

"అది మీ బావమరిదికి ఇవ్వండి, మిస్టర్ విట్లో. మంచి చోటు, మా ఆయన చూసి పెట్టుకున్నది. నాకు ఈ గట్టు చాలు."

ముసలాయన ఒకసారి ఆ పలకల వైపు చూశాడు. తర్వాత సరేనన్నట్టు తల ఊపాడు.

ఆమె లేచి, కోటు విప్పి, సంచిలోకి కూరింది. జింకను ఈడ్చేటప్పుడు చెమట పడుతుంది.

"మీరు ఆ కొమ్ము పట్టుకోండి," అంది. "దేవకుమార్ వచ్చేలోగా వాగు దాటిద్దాం."