అక్క పేరున జరిగిన ఆపరేషన్

కాలరు దగ్గర మొదలుపెట్టి భుజాల మీదికి, భుజాల నుంచి చేతుల మీదికి ఇస్త్రీపెట్టెను నడిపిస్తోంది చెల్లెలు. ఆమెకు యాభై దాటాయి. అయినా అక్క ఉన్నంతకాలం చెల్లెలు చెల్లెలే కాబట్టి మనమూ అలాగే పిలుచుకుందాం.

బల్ల మీద ఉన్నది అక్క మిల్లు కోటు. నీలిరంగు ముతక గుడ్డ, జేబు మీద ఎర్ర దారంతో కుట్టిన అక్క పేరు. వారం వారం అది ఈ లాండ్రీకి వస్తుంది, మడత నలగకుండా తిరిగి వెళ్తుంది. నూలు మిల్లులో దూదిపొట్టు మధ్య నిలబడే మనిషికి ఇంత సోకు ఎందుకని తోటివాళ్లు నవ్వుతారట. వద్దని అక్క కూడా అంటుంది. చెల్లెలు వినదు. తను చేసినదానికి బదులుగా ఈ చేతులతో చేయగలిగింది ఇంతే అనుకుంటుంది.

చేసినదేమిటో మన దగ్గర దాచాల్సిన పనిలేదు. పన్నెండేళ్ల కిందట చెల్లెలికి పిత్తాశయంలో రాళ్లు పడ్డాయి. నొప్పి వచ్చిందంటే నేల మీద పడి పొర్లేది. ఆపరేషన్ చేయించుకునే స్తోమత లేదు. మిల్లు వాళ్లిచ్చిన వైద్యం కార్డు అక్కకుంది. దాని మీద పెద్దాసుపత్రిలో అన్నీ ఉచితం, అదీ అక్క ఒక్కదానికే.

"నా కార్డు పట్టుకుని, నా కోటు వేసుకుని పో. పేరడిగితే నా పేరు చెప్పు," అంది అక్క. "ఇద్దరం అమ్మ పోలికేగా. ఆ కార్డు మీద ఫొటో చూస్తే నన్ను నేనే గుర్తుపట్టను."

చెల్లెలు వెళ్లింది. డిశ్చార్జి అయ్యేదాకా అక్క పేరుకు పలికింది. పిత్తాశయం తీసేశారు, కోత మానింది, నొప్పి పోయింది. ఆ తర్వాత మిల్లులో ఒకడు బావమరిదికి కార్డిచ్చాడని బయటపడి వాడి ఉద్యోగం ఊడింది. ఆ కబురు విన్నప్పటి నుంచి, ఎవరు ఆసుపత్రి మాటెత్తినా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చెల్లెలి చెయ్యి తన కుడి డొక్క మీదికి పోతుంది.

ఇప్పుడు నొప్పి అక్కకు వచ్చింది. అదీ కుడి డొక్కలోనే. పిత్తాశయం నిండా రాళ్లున్నాయని స్కాన్ చూసి డాక్టరు చెప్పాడు. కంప్యూటరు చూసి, అది ఎప్పుడో తీసేసినట్టుందే అన్నాడు. పాత ఫైలు తెప్పించుకుని రమ్మన్నాడు. దాని సంగతి తేలకుండా కత్తి పట్టనన్నాడు.

"అయిందా చిన్నీ?" అంటూ అక్క గుమ్మంలోకి వచ్చింది. ఒక చెయ్యి డొక్కకు ఆనించుకుని ఉంది. మొహం పాలిపోయింది కానీ జుట్టు మాత్రం పనికి వెళ్లే రోజులాగే గట్టిగా బిగించి కట్టుకుంది.

"కోటు అయిపోయింది. వేసుకుంటావా?"

"ఉండనీ. ఇవాళ సెలవేగా, వచ్చేటప్పుడు తీసుకుంటా."

"నొప్పెలా ఉంది?"

"అద్దె కట్టనివాడిలా ఉంది. పొమ్మన్నా పోదు."

ఆసుపత్రికి వెళ్లి గంటలో వచ్చెయ్యాలని లాండ్రీ యజమాని మరీ మరీ చెప్పాడు. చెల్లెలు కోటును వెనక గోడకు తగిలించింది. పట్టుకెళ్లడానికి ఎవరూ రాని బట్టలన్నీ అక్కడే వేలాడుతుంటాయి. కోటుకు అక్కడ పనిలేదు, కానీ ముందువైపు కొక్కేలు ఖాళీగా లేవు.

ఆసుపత్రిలో రికార్డుల గది మెట్లు దిగి వెళ్లాల్సిన చోట ఉంది. పాత కాగితం వాసన, తడిసిన గోడ, చిన్న కిటికీ. కిటికీ వెనక, కళ్లజోడు మెడలో తాడుకు వేలాడదీసుకున్న క్లర్కు.

"ఎవరి రికార్డులు?"

"నావే," అంది అక్క. "సొంతవి."

"మీవి మీరు అడగొచ్చు. ఇక్కడ సంతకం పెట్టండి." ఆయన లోపలికి వెళ్లి దుమ్ము దులుపుకుంటూ ఫైలు తెచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని డాక్టరిచ్చిన చీటీ పక్కన పెట్టి చూశాడు. "ఇందులోనేమో తీసేశామని ఉంది. ఇందులోనేమో ఉందని ఉంది. మళ్లీ మొలిచిందా ఏంటమ్మా?"

"మాది మంచి నేల బాబూ," అంది అక్క.

వెనక వరుసలో వాళ్లు నవ్వారు. క్లర్కు కూడా నవ్వాడు. చెల్లెలి చెయ్యి మాత్రం కుడి డొక్క మీదికి పోయింది.

"వేరేవాళ్ల కాగితాలు మీ ఫైల్లో కలిశాయేమో," అన్నాడాయన, ఈసారి కాస్త మెల్లగా. "అయితే దిద్దించుకోవచ్చు. ఈ ఆపరేషన్ నాది కాదని రాసి ఇవ్వండి. విచారిస్తారు. కార్డు మిల్లుది కదా, వాళ్లకూ ఒక కాపీ పోతుంది. ఇంతకీ ఆపరేషన్ మీకు జరిగిందా, లేదా?"

అక్క తల తిప్పి చెల్లెలి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. చిన్నప్పుడు అద్దం పగలగొట్టింది ఎవరని అమ్మ అడిగితే ఇలాగే చూసేది. చెప్పమంటావా, వద్దా అని. నువ్వు ఊ అంటేనే చెప్తాను అని.

ఆపరేషన్ జరిగింది నాకు అని చెల్లెలు అనాలి. అంతే. చెల్లెలు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. అక్క ఉద్యోగం పోతుందని ఊరుకున్నానని తర్వాత తనకు తాను చెప్పుకుంది. అది సగం నిజం. మిగతా సగం, నలుగురి ముందు దొంగ అనిపించుకోవాలన్న భయం.

"షాపుకు టైమవుతోంది అక్కా," అంది చివరికి.

అక్క కిటికీ వైపు తిరిగి, "ఆలోచించుకుని మళ్లీ వస్తాం బాబూ," అంది.

మెట్ల మీద ఆయాసం తీర్చుకోవడానికి ఆగింది. "నాలుగు నెలల్లో రిటైరవుతాను. అప్పుడు రాసిద్దాంలే. ఈ రాళ్లకేమన్నా కాళ్లొచ్చి నడిచిపోతాయా?"

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని చెల్లెలు అనాల్సింది. "సరే అక్కా," అంది. అన్నాక ఆమె ప్రాణం తేలికపడింది. ఆ తేలికను తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

అక్క బస్సెక్కి నేరుగా ఇంటికి వెళ్లింది. కోటు సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. చెల్లెలు లాండ్రీకి వచ్చి చీకటి పడేదాకా దుప్పట్లు ఇస్త్రీ చేసింది.

వారం తిరగకముందే అక్క మిల్లులో జ్వరంతో స్పృహ తప్పి పడిపోయింది. పాత కోటులోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కాన్ కాగితాలు ఇంట్లో ఉండిపోయాయి, పిత్తాశయం లేని మనిషని కంప్యూటరు చెప్పింది కాబట్టి డ్యూటీ డాక్టర్లు మిగతావన్నీ వెతికారు. చెల్లెలు పరుగెత్తుకుంటూ వచ్చి, ఎవరూ అడగకముందే అంతా చెప్పేసింది. "ఆపరేషన్ నాది. చూడండి, కోత నా ఒంటి మీదుంది," అని అందరి ముందూ బట్ట పక్కకు తీసి చూపించింది. అప్పటికే లోపల చీము పాకింది. మర్నాడు పొద్దున అక్క పోయింది.

కార్డు సంగతి మిల్లు పట్టించుకోలేదు. పోయినవాళ్లతో మిల్లుకు పనేముంటుంది.

కర్మకాండలయ్యాక చెల్లెలు ఒక్కతే ఆ మెట్లు దిగింది. అదే కిటికీ, అదే క్లర్కు.

"నా రికార్డులు కావాలి," అని అక్క కార్డు ముందుకు జరిపింది.

ఆయన చూసి, కళ్లజోడు తీసి, "ఈవిడ పోయారని ఉందమ్మా," అన్నాడు.

"పోయింది అక్క. పన్నెండేళ్ల కింద ఆపరేషన్ జరిగింది నాకు. ఆవిడకు ఏ ఆపరేషనూ జరగలేదని రాసిస్తాను. దిద్దండి."

వెనక వరుసలో అందరూ వింటున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు. క్లర్కు చాలాసేపు కార్డు వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు.

"మీ పేరు మీద ఈ ఆసుపత్రిలో ఒక్క కాగితం కూడా లేదమ్మా," అన్నాడు. "ఇది ఆవిడ ఫైలు. దిద్దమని ఆవిడే అడగాలి. ఆవిడ సంతకం కావాలి."

ఆమె కార్డు తీసుకుని షాపుకు వెళ్లింది. ఇస్త్రీపెట్టె వేడెక్కుతుండగా యజమాని వెనక గోడ దగ్గర బట్టలు సర్దుతున్నాడు. ఎవరూ రానివాటిని ఎవరికైనా ఇచ్చేద్దామని ఒక్కొక్కటీ కిందికి దించుతున్నాడు. నీలి కోటు దాకా వచ్చి, జేబు మీది పేరు చదివి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఖాళీ అయిన గోడ మీద ఆ కోటు ఒక్కటే మిగిలింది, ఎక్కడా ఒక్క ముడత లేకుండా.