పన్లో పని

పని మొదలైన నాడు వీరవేణి చేతిలో మూడు లక్షలున్నాయి. రెండు పొదుపు సంఘం అప్పు, ఒకటి పూతరేకులు అమ్మి కూడబెట్టింది. కోరుకున్నది పెరట్లో తను రేకులు తీసే, కారుతున్న తాటాకు పాక తీసేసి ఒక చిన్న స్లాబు గది. రేకు తీయడానికి బోర్లించి కాచే కుండ మీద వాన చుక్క పడితే కుండ పగులుతుంది. ఆ వారం రావులపాలెం కొట్లకు సరుకు వెళ్లదు.

పాక పీకిన రోజే భర్త దుర్గారావు, "ఎలాగూ మేస్త్రీ వచ్చేడు కదా, పన్లో పని, ముందు పంచని పెద్ద హాలు చేసేద్దాం" అన్నాడు. హాలయ్యాక గ్రానైటు. గ్రానైటుకు తగ్గ టేకు తలుపు. "మా తమ్ముడింట్లో సీలింగు లైట్లున్నాయమ్మా" అని అత్తగారు. మార్పు చెప్పినప్పుడల్లా మేస్త్రీ జగ్గారావు పెరట్లోకి వచ్చి తల గోక్కునేవాడు.

"డబ్బులు మిమ్మల్ని అడగమన్నారండి."

"చేసేముందు నన్నెందుకు అడగలేదు?"

"మగాయన ఉండగా ఆడోళ్లని ఎలా అడుగుతామండీ?"

కొట్లో సరుకు చెప్పినవాడే డబ్బిస్తాడు. ఈ ఇంట్లో మాత్రం హుకుం ముందు గుమ్మంలో, చెల్లింపు వెనక గుమ్మంలో. ఒక్కసారి ఇవ్వనంటే? హాలు మొండిగోడలతో నిలబడుతుంది, ఊరంతా ఆమెనే అంటుంది. అందుకే ఇచ్చింది. మెడలో గొలుసు కూడా బ్యాంకుకు వెళ్లింది. కొబ్బరిచెట్టు కింద పెట్టిన పొయ్యి మీద రెండు కుండలు వానకు పగిలాయి. ఈ నెల వాయిదా తను కట్టకపోతే సంఘంలో మిగతా ఆడవాళ్లు కట్టాలి. వాళ్లెవరి మొహం చూడాలన్నా భయంగా ఉంది.

గృహప్రవేశం ముందురోజు దుర్గారావు, "పెరట్లో గది మానేద్దామే. ఆ చోటు బండికి బాగుంటుంది. నీ కుండ ఎక్కడో చోట పెట్టుకుందువుగానిలే" అన్నాడు.

తెల్లారేసరికి వాన పట్టుకుంది. వీరవేణి ఇటుకలు తెచ్చి, హాలు మధ్యలో గ్రానైటు మీద పేర్చి, మిగిలిన ఒక్క కుండనూ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులు వెలిగించింది. పొగ సీలింగు లైట్లను కమ్మేసింది. దుర్గారావు దగ్గుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటే ఇది! చుట్టాలొచ్చే వేళ! రాయి నల్లబడిపోద్ది!"

"ఎక్కడో చోట అన్నారు కదండీ. ఇక్కడ కారట్లేదు."

"తియ్యి ముందు!"

ఆమె గుడ్డను పల్చగా కలిపిన బియ్యప్పిండి నీళ్లలో ముంచి కుండ మీద పరిచి లాగింది. పల్చటి రేకు లేచి వచ్చింది. పోయినవి మూడు లక్షలు, గొలుసు, రెండు కుండలు. వచ్చింది వాన కారని ఒక గది. అడిగిందీ అదే, డబ్బు కట్టిందీ తనే.