సోఫా మీద ఫొటో

గల్ఫ్‌కి మనుషుల్ని పంపే ఏజెంటు ఈశ్వర్ వస్తున్నాడు, సోఫా మీది ప్లాస్టిక్ కవరు తీసి శుభ్రంగా తుడవమని తవిటమ్మ పొద్దున్నే కోడలికి పురమాయించింది. సుహాసిని తడిగుడ్డ పిండుకుని మోకాళ్ల మీద కూర్చుంది. సోఫా తుడవడం ఆమెకు ఒకరు నేర్పక్కర్లేదు. కువైట్‌లో యజమానురాలు మేడమ్మ ఇంట్లో ఏళ్ల తరబడి అదే పని చేసి, మొన్ననే సెలవు మీద నెల్లిమర్ల దగ్గర అత్తారింటికి వచ్చింది. పెట్టె ఇంకా పూర్తిగా సర్దనేలేదు, గుడ్డ మాత్రం మళ్లీ చేతికొచ్చేసింది. తేడా అల్లా ఒక్కటే, ఈ సోఫా ఆమె సంపాదనతో కొన్నది. అయినా దాని మీద ఆమె ఇంతవరకూ కూర్చోలేదు. మామగారు రాముడు రోజంతా ఆ హాల్లోనే ఉంటాడు. మామగారున్న గదిలో కోడలు కుర్చీ ఎక్కడం ఆ ఇంట్లో లేదు. తవిటమ్మ కూడా వంటింటి గడప పక్కన గోడకు చేరగిలబడి నేల మీదే కూర్చుంటుంది. ఇంటి పద్ధతులు ఎవరు పెట్టారో తెలీదు గానీ, పెట్టినవాళ్లకు నేల మీద కూర్చునే అవసరం మాత్రం రాలేదు.

సోఫాకు సరిగ్గా పైన, గోడ మీద, బంగారు రంగు ఫ్రేములో సుహాసిని ఫొటో ఉంది. మేడమ్మ హాల్లో, మేడమ్మ సోఫా మీద కూర్చున్న ఫొటో. దాని వెనక కథ ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగనూ లేదు. సుహాసిని అక్కడ అంట్లు తోముతోందని ఊళ్లో ఎవరో అన్నారట. తలెత్తుకోలేకపోతున్నామని తవిటమ్మ ఫోన్లో ఒకటే గోల. పెద్దింటి మనిషిలా దర్జాగా కూర్చుని ఒక్క ఫొటో పంపమంది. మేడమ్మ వాళ్లు ఊరి బయటికి వెళ్లిన రోజు చూసి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, ఆ సోఫా అంచున అలా తగిలీ తగలనట్టు కూర్చుని సుహాసిని ఫొటో తీసుకుని పంపింది. హాల్లో మూలన కెమెరా ఉందన్న సంగతే మరిచిపోయింది. ఇక్కడ ఆ ఫొటోకు ఫ్రేము కట్టిస్తున్నప్పుడు అక్కడ ఆమె ఫోను మేడమ్మ బీరువాలో ఉంది. అది తిరిగి చేతికి రావడానికి నెలలు పట్టింది. వచ్చాక విన్న మొదటి మాట మొగుడు నరేష్ పంపిన వాయిస్ మెసేజే. "ఫోనెత్తవేటి? నాలుగు డబ్బులు సూసేసరికి గర్వమొచ్చేసినాదా?" ఆ మాట ఎన్నిసార్లు విన్నదో. బాత్రూములు కడుగుతూ విన్నది, రొట్టెలు కాలుస్తూ విన్నది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు అదే ఫొటో చూపించి ఆడపడుచు విశాలిని కూడా కువైట్ పంపిస్తున్నారు. మేడమ్మ చెల్లెలికి ఇంటిపనికి మనిషి కావాలట. విశాలి నెల్లిమర్లలో జాకెట్లు కుడుతుంది, చేతిలో పనున్నా ఇంట్లో వాళ్ల కంటికది ఆనదు. వదిన ఎలాగూ తిరిగెళ్తుంది, ఇద్దరూ తోడుంటారు అని నరేష్ తేల్చేశాడు. తిరిగెళ్తావా అని సుహాసినిని ఎవరూ అడగలేదు. నిన్న సాయంత్రం బట్టలు మడతపెడుతూ విశాలి మెల్లగా అడిగింది, వదినా, ఆళ్లు మంచోళ్లేనా అని. సుహాసిని నోరు విప్పేలోపే తవిటమ్మ గడప దగ్గర్నించి జవాబు చెప్పేసింది. మంచోళ్లు కాపోతే సోఫా మీద కూకోనిస్తారేటి, అని.

ఈశ్వర్ వచ్చాడు. సోఫాలో రాముడికి కాస్త ఎడంగా వెనక్కి వాలి కూర్చున్నాడు. నరేష్ ఎదురుగా కుర్చీలో, విశాలి తలుపు పక్కన, తవిటమ్మ ఎప్పటి చోటనే. సుహాసిని టీ తెచ్చింది. తాను వేరే చెప్పాల్సిందేమీ లేదనీ, కళ్లముందు ఫొటో ఉందనీ, సొంతమనిషిలా చూసుకుంటారనీ ఈశ్వర్ అన్నాడు. నరేష్ పెళ్లాం వైపు తిరిగాడు. "సెప్పవే, నువ్వయినా దానికి ధైర్యం సెప్పు."

సుహాసిని ట్రే బల్ల మీద పెట్టింది. సోఫా దగ్గరికి నడిచింది. మామగారికీ ఏజెంటుకీ మధ్య ఖాళీ ఉంది. అక్కడ కూర్చుంది. అంచున కాదు, వీపు పూర్తిగా ఆనించి కూర్చుంది. ఈశ్వర్ తెలీకుండానే పక్కకి జరిగాడు. రాముడు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఒసే, మావ ఉన్నాడు. లెగు," అంది తవిటమ్మ.

"లెగను అత్తా. నువ్వడిగినావని మేడమ్మ సోఫా మీద ఒక్కపాలి కూకున్నాను. సాయంత్రం ఆవిడ కెమెరాలో సూసి నా ముందరే దానికి సెంటు కొట్టించినాది. కవర్లన్నీ విప్పించి నా సేతే ఉతికించినాది. ఫోను లాక్కున్నాది. అప్పుడు మీకేమో నాకు గర్వమొచ్చినట్టు కనిపించినాను. అది ఆళ్ల సోఫా, ఏటో అన్నారు. ఇది నా కష్టంతో వచ్చినాది. దీని మీంచి నన్ను లెగమనేది ఎవులు?"

ఇప్పుడీ మాటలెందుకు, బయటి మనిషి ఉన్నాడని నరేష్ గొంతు తగ్గించి గొణిగాడు. బయటి మనిషి వినాలనే చెప్తున్నానంది సుహాసిని. తాను తిరిగి వెళ్లడం లేదని కూడా అంది. అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది, అంత మాట అంత మామూలుగా వచ్చేసినందుకు. లేచి గోడ మీది ఫొటో తీసి, బోర్లా బల్ల మీద పెట్టి, మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంది.

ఈశ్వర్ టీ సగంలో వదిలేసి, ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని వాకిట్లోకి నడిచాడు. అతను లేచిన చోటుని సుహాసిని అరచేత్తో తట్టింది.

"విశాలీ, ఇలా రా. కూకో. ఎల్లాలా వద్దా అన్నది నీ ఇష్టం. ముందు ఆ ఇంట్లో ఏటేటి జరిగిందో అంతా ఇను."

విశాలి తండ్రి వైపు ఒకసారి చూసింది. తర్వాత వచ్చి వదిన పక్కన కూర్చుంది. రాముడు కండువా దులుపుకుని, ఎవరి మొహమూ చూడకుండా, వాకిట్లోకి వెళ్లిపోయాడు. గడప పక్కన తవిటమ్మ ఇంకా నేల మీదే ఉంది. తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది గానీ, కళ్లు మాత్రం మొగుడు ఖాళీ చేసిన చోటు మీద నిలిచాయి. సుహాసిని అది చూసింది.

"రా అత్తా. నువ్వు మాత్రం ఎప్పుడు కూకున్నావు?"