రోజుకొక చక్కర్

మహబూబీ నాయనమ్మను ఆఫ్రికాలోని హబ్షీల దేశం నుంచి ఓడెక్కించి హైదరాబాదు తెచ్చారు. ఆమె వెంట చిల్లిగవ్వ రాలేదు గానీ నారికురుపుకు మందు వచ్చింది. వెచ్చచేసిన ఆముదపాకు కట్టాలి. కురుపులోంచి దారంలా తల బయటపెట్టిన పురుగును పుల్లకు చుట్టాలి. గుంజకూడదు, బుజ్జగించాలి, రోజుకొక చుట్టు. ఇక్కడి చేలగట్ల మీద తన దేశపు ఆముదపు చెట్లు చూసి, మావాళ్లు నాకంటే ముందే వచ్చేశారని మురిసిపోయిందట ఆ ముసలిది.

ఆ మందుతో మహబూబీ బోధన్‌లో ఎందరినో నడిపించింది. చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా వచ్చిన రోజులు. చెరకు నరికే రాజమల్లు మడమకు కురుపు లేస్తే, మొదటి చుట్టు తనే చుట్టింది. అంతలో పొరుగూరి నుంచి కాన్పుకు రమ్మని కబురు. లేస్తూ లేస్తూనే, అప్పుడే పని నుంచి వచ్చిన అతని భార్య సాయవ్వకు చెప్పింది.

"ఆకు మారుస్తుండు బిడ్డా. రోజుకొక చక్కర్. ఎక్కువ వద్దు, తెగితే పానం మీదికొస్తది."

చక్కర్ అంటే చుట్టే. ఉర్దూలో పెరిగిన నోరు, ఆ మాటే వచ్చింది.

ఎనిమిదో రోజు వచ్చి చూస్తే కాలు గజ్జల దాకా వాచింది. పుల్లకు ఆ ఒక్క చుట్టే ఉంది.

"ఒక్కనాడు తప్పలేదవ్వా," అంది సాయవ్వ. "చాయ్ హోటల్ల కప్పులు కడిగి చక్కర తెచ్చి, రోజుకొక చిటికెడు కురుపు మీద ఏసిన. సీమలు పట్టినయ్. దురదకు ఆయన కాలు గోడకు రాకితె పురుగు తెగింది."

మహబూబీకి అప్పుడర్థమైంది. మాక్లూర్ పల్లె నుంచి వచ్చిన పిల్ల, దానికి ఉర్దూ ఎక్కడిది? తప్పంతా తన నోటిదే.

మూడో నాడు రాజమల్లు పోయాడు. సాయవ్వ మహబూబీ చేతులు పట్టుకుంది.

"చక్కర తక్కువైందా అవ్వా? ఒకపూట పిల్ల ఏడిస్తే దాని నోట్లె నాలుగు పలుకులు ఏసిన. గందుకేనా?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే ఈ పిల్ల బతకదు.

"కాదు బిడ్డా. నువ్వు మంచిగనే జేసినవ్. మా నాయనమ్మ మందే ఉత్తది."

సాయంత్రానికి ఆ మాట వాడంతా పాకింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. నారికురుపులతో కుంటుకుంటూ ఆమె వాకిలి ముందు నుంచే పోయేవారు. మహబూబీ పిలవబోయి, సాయవ్వ ఇంటి వైపు చూసి, ఊరుకునేది.