కడిగిన కాసులు

తెల్లవారుజామున ఐదు గంటలకు హేమలత పెరట్లో కూర్చుని వాళ్ల నాయన నాణేలు తోముతోంది. గిన్నెలో నానిన చింతపండు, చిప్పలో ఇటుక పొడి, చేతిలో అరిగిపోయిన పళ్ల బ్రష్షు. మొత్తం నూట పన్నెండు. ఏనుగు బొమ్మ ఉన్న మైసూరు రాగి కాసులు, చిల్లు కానీలు, అణాలు, అర్ధణాలు, నాలుగు వెండి రూపాయలు. ఈ ఇంట్లో తోమేదేదైనా హేమలతదే. అందులో మాత్రం ఎవరూ వాటాకు రారు.

తోమమన్నది అత్త ఓబులమ్మ. "దుడ్డంటే లచ్చిమి మే. మొగం కూడా కడగకుండా లచ్చిమిని గడప దాటిస్తావా, అదీ శుక్రవారం పూట?" అని ముందు రోజు సాయంత్రమే చింతపండు నానేసింది. ఆ ఇంటి ఆనవాయితీ అది. శనక్కాయలమ్మిన దుడ్డు వచ్చినా, విత్తనాలకని పోయినా పసుపునీళ్లు చల్లి, కుంకుమ పెట్టి, పటం ముందు ఉంచి తీయాల్సిందే. నోట్లకు నీళ్లు చల్లితే సరిపోతుంది, నల్లబడిన బిళ్లలకు చాలదని ఓబులమ్మే తేల్చింది. భర్త తిప్పేష్ గట్టు మీద కూర్చుని కాఫీ తాగుతూ చూస్తున్నాడు. "బాగా మెరుస్తాండాయే," అన్నాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె చేసిన పనిని అతను మెచ్చుకోవడం ఎన్నోసారో లెక్కపెట్టడానికి చేతివేళ్లు ఎక్కువే. ఆ మాటకు ఆమె సంబరపడి ఇంకొంచెం గట్టిగా రుద్దింది. పిచ్చిది!

ఆ నాణేలు ఆమె నాయన ఈశ్వరప్పవి. బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్లు చేసిన మనిషి. సంచీలో పాత కాసు పడిందంటే సొంత జేబులోంచి ఆ విలువ సంచీలో వేసి కాసును ఇంటికి తెచ్చుకునేవాడు. చిన్న గుడ్డముక్కలో చుట్టి, ఎప్పుడు ఏ ఊరి స్టాపులో ఎవరిచ్చారో చీటీ రాయించేవాడు. కొడుకులిద్దరున్నా రాసింది హేమలతే, ఆమె చేతిరాత గుండ్రంగా ఉండేది. "నాయనా, ఇవి ఇంత నల్లగుండాయే, కడిగేదా?" అని ఎనిమిదేళ్లప్పుడు అడిగితే "ఉండనీ పాపా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆయన పోయాక అన్నలు పొలం పంచుకుని, "ఆ తుక్కు నువ్వు తీసుకోపో" అని తోలుసంచీ ఆమె చేతిలో పెట్టారు. ఈ భూమ్మీద తనదని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ తుక్కు ఒక్కటే.

దాన్ని అమ్మాలనుకున్నది బండి కోసం. ఉరవకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతుంది హేమలత. ఊరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు. పొద్దున బస్సు ఆపేశారు, మిగిలింది సాయంత్రం ఐదు గంటల బస్సొక్కటే. రోజూ తిప్పేష్ బైకు మీద దింపాలి. దింపుతాడు, కాకపోతే తన తీరిక చూసుకుని. దారిలో టీకొట్టు దగ్గర ఆపి, అన్నా తమ్ముడా అని అరగంట కబుర్లు చెబుతాడు. ఆమె పుస్తకాల సంచీ గుండెకు హత్తుకుని బైకు పక్కన నిలబడి ఉండాలి. కొట్టు దగ్గర మగవాళ్లంతా ఆమెను చూస్తారు, ఆమె నేలను చూస్తుంది. "నన్ను నీకు డ్రైవరును చేసుకున్నావు కదా" అని వారానికి రెండుసార్లు అంటాడు. పోనీ నేను నేర్చుకుంటానంటే, "నేర్చుకుని యాడికి పోతావు?" అంటాడు. జీతం వచ్చిన రోజు మాత్రం గేటు దగ్గర ముందే ఉంటాడు. ఇప్పుడు హెడ్మిస్ట్రెస్ తేల్చి చెప్పేసింది, జూన్ నుంచి ఎనిమిదింటికల్లా రాకపోతే వేరేవాళ్లను చూసుకుంటానని. తోటి టీచరు ప్రసూనకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. తన స్కూటీని ముప్పై ఐదు వేలకు ఇస్తానంది. ఆదివారం దాకా ఆగుతానంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆ స్కూటీ మీదే గ్రౌండులో పదిరోజులు తిప్పి నేర్చుకుంది హేమలత. మొదటిసారి కాళ్లు నేల మీంచి లేచినప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ప్రసూనకు చెప్పలేకపోయింది.

అనంతపురంలో పాత నాణేలు కొనే కుళ్ళాయప్ప ఫోటోలు పంపమంటే తిప్పేష్ ఫోన్లోంచే పంపింది. ఆమె ఫోన్ కొడుకు భరత్ కాలేజీకి పట్టుకుపోయాడు, ఆమెకు మిగిలింది బటన్ల ఫోను. ఫోటోలు చూసి, నలభై వేలకు తగ్గదు, శుక్రవారం తెమ్మని కబురు చేశాడు కుళ్ళాయప్ప.

పదకొండు గంటలకు ఆయన కొట్లో బల్ల మీద సంచీ విప్పారు. కుళ్ళాయప్ప కళ్లజోడు సర్దుకుని ఒక ఏనుగు కాసు తీశాడు. వెనక్కి తిప్పాడు. ఇంకోటి తీశాడు. ఐదోదానికి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఎంత పని చేసినావమ్మా! ఎవరు కడగమన్న్యారు?"

హేమలతకు అర్థం కాలేదు. శుభ్రంగా లేవేమో అనుకుంది.

"నూరేండ్లు, నూటేబై ఏండ్లు పట్టింది తల్లీ ఆ నలుపు పట్టేదానికి. ఆ నలుపుకే దుడ్లు ఇచ్చేది. నువ్వు ఇటికె పొడేసి అచ్చరాలు కూడా అరగదీసినావు. ఇప్పుడిది ఉత్త రాగి ముక్క. వెండివి నాలుగుండాయి కాబట్టి అన్నీ కలిపి తూకానికి ఆరు వేలిస్తా, అంతే."

"నాకు తెలీదన్నా," అంది.

"తెలీదంటావేమమ్మా? నిన్న రాత్రి వాయిస్ మెసేజీ పెడితి కదా, తుడవొద్దండి, నీళ్లు కూడా తగలనీయొద్దండి అని." ఫోన్ తీసి చూపించాడు. "ఇదో, మైకు గుర్తు నీలం అయ్యింది. ఆ పక్క విన్నారన్నమాట."

హేమలత తిప్పేష్ వైపు చూసింది. అతను షెల్ఫులో ఉన్న పాత తాళాలను చూస్తున్నాడు.

"అయ్యిందేదో అయ్యింది. ఆరు వేలకు ఇచ్చేయ్," అన్నాడు. "మోటరు రిపేరికన్నా వస్తాయి."

"అమ్మను."

"మోసుకొచ్చి మళ్లా మోసుకపోతావా?"

"మోసుకపోతా," అంది హేమలత. ఒక్కొక్క కాసూ తీసి సంచీలో వేసింది. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఏది ఏ ఊరిదో, ఎవరిచ్చిందో ఇప్పుడు తనకే తెలియడం లేదు. తోమేటప్పుడు చీటీలన్నీ ఒక మూలకు తోసింది, ఓబులమ్మ వాటిని చెత్తతోపాటు ఊడ్చేసింది.

కొట్టు బయటికొచ్చి బటన్ల ఫోనులో ప్రసూనకు చేసింది. "నాకొద్దు ప్రసూనా. అడిగిన వాళ్లకు ఇచ్చేయ్." అటువైపు ప్రసూన "ఏమయిందక్కా?" అంటూనే ఉంది. చెప్పడానికి చాలా ఉంది, చెప్పి ఏం లాభం? పెట్టేసింది.

బైకు ఉరవకొండ దాటి ఊరి దారి పట్టింది. అటూ ఇటూ విత్తనం పడని ఎర్రమట్టి చేలు, గుట్టల మీద తిరగని గాలిమరలు. నాలుగు కిలోమీటర్లు పోయాక "ఆపు" అంది. ఆపాడు. ఆమె దిగింది.

"విన్నావా ఆ మెసేజీ?"

"ఆ, విన్నా."

"ఎప్పుడు?"

"నిన్న రాత్రే. అప్పటికే అమ్మ చింతపండు నానేసింది కదా. వద్దంటే మొగం మాడ్చుకుంటాది. ఎందుకులే పొద్దుపొద్దున్నే రచ్చ అని ఊరుకున్నా."

"నేను తోముతాంటే ఎదురుగా కూసోని కాఫీ తాగితివే!"

"తాగితి. ఐతే ఏమిప్పుడు? ఇంత మాత్రం పోతుందని నాకేమన్నా తెలుసునా? ఊరికే నలుపు పోతాదేమో అనుకుంటి." అతని మొహంలో దొంగతనం లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు.

అదే ఆమెను కూల్చేసింది. తను బండి కొనకూడదని అతను పన్నాగం పన్ని ఉంటే ఎంతో బాగుండేది. కుట్ర చేయాలంటే అవతలి మనిషిని ఒక్క ఘడియైనా తలుచుకోవాలి కదా. పోట్లాడటానికి ఒక శత్రువైనా ఉండేవాడు. ఇతను అంత శ్రమ కూడా పడలేదు. తన నాయన ముప్పై ఏళ్లు, తన ఉద్యోగం, గ్రౌండులో నేల విడిచిన తన కాళ్లు, ఇవన్నీ ఒక పక్క. ఒక పూట వాళ్లమ్మ మూతి ముడుపు ఇంకో పక్క. రెంటిలో ఏది పెద్దదని అతను ఆలోచించనే లేదు. ఆలోచించాల్సిన సంగతని కూడా తోచలేదు. పద్దెనిమిదేళ్లుగా తను సర్దుకుపోయినవన్నీ వరుసపెట్టి గుర్తొచ్చాయి. సర్దుకుపోతున్న సంగతి ఎదుటివాడికి తెలుస్తోందనే అనుకుంది ఇన్నాళ్లూ.

నాలుగు అడుగులు నడిచింది. సంచీ బరువుకు భుజం లాగుతోంది. ఇంటికి ఇంకా ఐదు కిలోమీటర్లు, ఉరవకొండకు నాలుగు. ఐదు గంటల బస్సుకు ఇంకా మూడు గంటల టైముంది. వెనక బైకు స్టార్టయింది. మెల్లగా పక్కకొచ్చి ఆగింది.

"ఎక్కు మే, ఎండ మండిపోతాంది. జూన్ నుంచి ఎట్లాగూ ఇంట్లోనే కదా, తీరిగ్గా అలుగుదువులే," అన్నాడు, నవ్వించడానికే అన్నాడు.

హేమలత దారికి ఆ చివర చూసింది, ఈ చివర చూసింది.

ఎక్కింది. ఆ దారిన ఇంకో బండి లేదు.