అదే ఫ్లెక్సీ, అదే గేటు

ప్రభుదాసు దగ్గర వృథా అనే సరుకు ఉండదు. మేడ్చల్‌లో పైపులూ నీళ్ల ట్యాంకులూ అమ్మే అతని దుకాణంలో పగిలిన ట్యాంకు కూడా పూలకుండీగా అమ్ముడుపోతుంది. తన తెలివి మీద అతనికి అంత నమ్మకం. ఆ నమ్మకంతోనే శామీర్‌పేట దారిలో, మురుగునీటి శుద్ధి కేంద్రం పక్కన, చవగ్గా వస్తున్నాయని రెండు ప్లాట్లు కొన్నాడు. ఎందుకంత చవకో గాలి తిరిగాక తెలిసింది.

చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని కారెక్కేవాళ్లు. ప్రభుదాసు లెక్క వేశాడు: కేంద్రం మూతపడితే వాసన పోతుంది, వాసన పోతే ధర వస్తుంది. గేటు ముందు టెంటు వేయించి, పిడికిలెత్తిన తన ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు: ‘మురుగు కేంద్రం మూసెయ్యాలి!’ లోపల అప్పటికే మోటార్లు కాలిపోయి ఉన్నాయి. బాగుచేయించలేక చూస్తున్న అధికారులకు మంచి సాకు దొరికింది. మూసేశారు.

ఊరి మురుగు ఎటు పోతుందన్నది మాత్రం అతని లెక్కలోకి రాలేదు. అది నేరుగా వాగులో పడింది. వాగు ప్లాట్ల వెనకే. ముందువైపు వాసన వెనకవైపుకి కాపురం మార్చింది.

ఆ వాగులోనే ప్రభుదాసు వాళ్ల చర్చిలో నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మాలు జరిగేవి. ఇప్పుడక్కడ తెల్లటి నురగ. సరిగ్గా ఈ ఏడాదే అతని ఒక్కగానొక్క కూతురు కెజియా బాప్తిస్మం తీసుకుంటానంది. ఆ మాట కోసం అతను ఏళ్లుగా ప్రార్థన చేస్తున్నాడు. వెంటనే దుకాణంలోని పెద్ద నల్ల ట్యాంకు చూపించాడు.

“బోరు నీళ్లు నింపిస్త బిడ్డా. పాస్టరయ్య నిచ్చెనేసుకొని దిగుతడు.”

“నన్ను ముంచుతడా, నానబెడ్తడా?” అంది కెజియా. “అమ్మ బాప్తిస్మానికి మునిగిన వాగులనే నేను మునుగుత బాపూ. అది మంచిగైనంకనే.”

“అదెట్ల మంచిగైతదే? కేంద్రం తెరిస్తే గద...” అంటూ ఆగిపోయాడు.

దుకాణం వెనకే ఉన్న వంటింట్లో అతని భార్య ఎలీషమ్మ పిండి పిసుకుతూ తలెత్తకుండానే, “మూయించినోళ్లనే అడుగు,” అంది.

ప్రభుదాసు గోదాములోకి వెళ్లాడు. పాత ఫ్లెక్సీ అక్కడ పైపుల మీద కప్పి ఉంది. దుమ్ము దులిపి, ‘మూసెయ్యాలి’ మీద ‘తెరవాలి’ అని ఒక ముక్క అతికించాడు. ఫొటో మార్చక్కర్లేదు. పిడికిలి ఎటైనా పనికొస్తుంది.

పొద్దున్నే గేటుకి కడుతుంటే, ఒకప్పుడు అక్కడ కాపలా కాసి, ఇప్పుడు ఎదురుగా టీ బండి పెట్టుకున్న బక్కయ్య వచ్చాడు.

“ఏంది సేటూ, మూయాలంటివి, మూసిన్రు. ఇంక రెండో తాళం గూడ ఏయిస్తవా?”

“తెరవాలె బక్కన్నా.”

బక్కయ్య ఫ్లెక్సీని దగ్గరగా చూశాడు. “గీ ముక్క ఊడితే మల్ల మూయాలనే అయితది గద?”

“ఊడది. పైపులతికే సొల్యూషన్ పెట్టిన.”

“సరుకు మంచిదే. మరి మంది ఏరి? అప్పుడు నీ ఎన్క మస్తు మంది కూసున్నరు.”

ప్రభుదాసు వెనక్కి చూశాడు. రోడ్డు దాటి కెజియా రెండు కుర్చీలు మోసుకొస్తోంది. ఆమె వెనక ఎలీషమ్మ, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో. పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయని పెద్ద క్యారియర్ అది. ఈ ధర్నా ఇవాళ్టితో తేలేది కాదని ప్రభుదాసుకి అర్థమైంది.

“బక్కన్నా, నీ బండి కాడ ఇంకో కుర్చీ ఉన్నదా?”

“ఉన్నది. నేను కూసునేదే. తెస్త ఉండు.”