రూబీ సిస్టర్ డ్యూటీ దిగిన వేళ

రిసెప్షను బల్ల ముందు నిలబడ్డ మనిషికి మేనేజరు మణిశంకర్ ఒక పుస్తకం తెరిచి చూపిస్తున్నాడు. ఆ మనిషి పేరు డేనియల్. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. ఆ ఆస్పత్రిలోనే నర్సుగా చేసిన భార్య రూబీని సమాధి చేసి రెండు వారాలైంది.

"మేం నోటిమాట చెప్పం డేనియల్ గారూ, రికార్డు చెబుతుంది. మీ ఆవిడ సోమవారం మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగిపోయారు. ఇదిగో, వార్డు అప్పగించినట్టు ఆవిడ సంతకం. ఇదిగో, తీసుకున్నట్టు ఇంకో సిస్టర్ సంతకం, వినీల అని. ఆవిడ కాలవలో పడింది మంగళవారం మధ్యాహ్నం. మధ్యలో ఇరవై నాలుగ్గంటలు ఎక్కడున్నారో మాకేం తెలుసండి? అది మీరు ఇంట్లో చూసుకోవాల్సిన విషయం."

బెంచీల మీద కూర్చున్న జనం తలలెత్తి చూశారు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు.

"ఆస్పత్రిలోనే ఉన్నానని ఫోను చేసిందండి," అన్నాడు డేనియల్.

"ఫోన్లో ఎవరైనా ఏదైనా చెబుతారు కదండి," అన్నాడు మణిశంకర్ మర్యాదగానే.

మెట్ల మీద ఇంజక్షన్ల ట్రేతో నిలబడిపోయిన పిల్లకి తన పేరు వినబడింది. ఆ వినీల తనే. ఆ ఆస్పత్రిలో చేరి అప్పటికి మూడు రోజులు.

వినీల తండ్రి ఆశీర్వాదం మండపేటలో బియ్యం మిల్లు బస్తాలు మోస్తాడు. తల్లి లేదు. ఆ బస్తాల మీదే నాలుగేళ్ళ నర్సింగు చదువు గట్టెక్కింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు కాకినాడ, రాజమండ్రి ఆస్పత్రులన్నీ తిరిగింది. ఎక్కడికి వెళ్ళినా అనుభవం ఉందా అని అడిగేవారు. పని ఇవ్వకుండా అనుభవం ఎక్కడిది? ఆఖరికి రాజమండ్రిలో ఈ మూడంతస్తుల ప్రైవేటు ఆస్పత్రి పిలిచింది. ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు మడతపెట్టిన తెల్లకోటు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎప్పుడూ గుమ్మం పక్కన చెప్పుల దగ్గర కూర్చునే ఆశీర్వాదాన్ని పెద్దలు పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆయన ప్రార్థన అయ్యేవరకూ కళ్ళు తెరవలేదు.

చేరింది పదమూడో తేదీన. ఇచ్చిన ఉత్తరంలో ఒకటో తేదీ వేసి ఉంది. అడిగితే మణిశంకర్, "నీకు మంచిదేనమ్మా, సర్వీసు ముందునుంచీ కలుస్తుంది," అని ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. తర్వాత హేండోవర్ పుస్తకం తెరిచాడు. డ్యూటీ దిగే నర్సు ఒక్కో మంచం దగ్గరా ఆగి రోగి సంగతి చెప్పాలి, ఎక్కే నర్సు వినాలి, ఇద్దరూ అందులో సంతకం పెట్టాలి. అది జరిగేదాకా వార్డు వదలకూడదు. పాత పుస్తకం తడిసిపోతే కొత్తదాన్లోకి ఎక్కించామని, తన పేరున్న చోటల్లా సంతకం పెట్టమని చెప్పాడు. వినీల నాలుగు చోట్ల పెట్టింది. తేదీలు చూసింది. ఉత్తరంలో తేదీకి సరిపోయాయనుకుంది. కిందని తన రిజిస్ట్రేషన్ నంబరు గుండ్రంగా రాసుకుని మురిసిపోయింది. ఎనిమిది నెలలు గుమ్మాల్లో నిలబడ్డ పిల్ల, మొదటిరోజున ఇది దేనికని ఏ నోటితో అడుగుతుంది?

ఆ మధ్యాహ్నం దుప్పట్ల గదిలో ఆయా బేబి దొరికింది. పదహారేళ్ళుగా ఆడవాళ్ళ వార్డు తుడుస్తున్న మనిషి. వినీల అడిగేసరికి తలుపు దగ్గరగా వేసింది.

"నాకు అక్షరం ముక్క రాదు గానీ, ఆవిడ ఎళ్ళిన వేళ నాకు తెల్సమ్మా. సోమారం పొద్దున్న ఎనిమిదింటికి ఎక్కింది. రెండింటికి రావల్సినావిడ మానేసింది, ఆవిడ బదులు ఎవర్నీ ఎయ్యలేదు. రాత్రికీ ఎవరూ రాలేదు. పది మంచాలు వదిలేసి ఎలా ఎళ్తాది? నిలబడే కునికింది. మంగళారం రెండింటికి బండెక్కింది. కాలవగట్టు మలుపులో నిద్ర ముంచేసింది."

దుప్పట్ల కింద నుంచి ఒక స్టీలు కేరేజీ తీసింది. "ఇది సోమారం తెచ్చుకున్నదే. కడిగి దాచాను. మంగళారం కేరేజీ లేదమ్మా. ఇంటికెళ్తే కదా."

"ఇదంతా ఎవరికీ చెప్పలేదా బేబమ్మా?"

"అడిగితే కదా. చీపురు పట్టుకున్నదాన్ని ఎవరడుగుతారు?"

వినీల కేరేజీ మూత తీసి చూసింది. తెల్లగా మెరిసిపోతోంది. మూత మళ్ళీ బిగించి బేబికి ఇచ్చేసింది.

మర్నాడు సెలవు పెట్టి మండపేట వెళ్ళింది. ఆశీర్వాదం మిల్లు గేటు బయట తలగుడ్డ దులుపుకుంటూ అంతా విన్నాడు. ఆవిడకి పిల్లలున్నారా అని ఒక్కటే అడిగాడు. మూడో క్లాసు చదివే పాప ఉందని బేబి చెప్పిందంది వినీల. ఆ పాపని బడిలో, మీ అమ్మ ఆ రాత్రి ఎక్కడికెళ్ళిందని అడుగుతున్నారట.

ఆయన గేటు పక్క అరుగు మీద కూర్చున్నాడు. మానెయ్యమంటాడని, లేదంటే ఉద్యోగం నిలబెట్టుకోమంటాడని వినీల ఎదురుచూసింది.

"మీ పెదనాన్న బస్తాల దొంతర మీద పడి చచ్చిపోయాడని తెల్సు కదా," అన్నాడు చివరికి. "తాగి పడ్డాడని రాశారు కాగితంలో. ఆడు సుక్క ముట్టేవాడు కాదు. సాక్షి సంతకం నాది. అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావు, నాకు పని కావాలి. మీ పెద్దమ్మ ఇప్పటికీ మన గుమ్మం ఎక్కదు. ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు."

లేచి తలగుడ్డ కట్టుకున్నాడు. "బస్సుకి టైమైంది, ఎల్లిరామ్మా," అన్నాడు.

రాజమండ్రి తిరిగొచ్చాక వినీల హెడ్ నర్సు ఉషారాణిని కలిసింది. దుప్పట్లు ఆరేసే మేడ మీద ఆ సాయంత్రం పాతికమంది నర్సులు పోగయ్యారు. మొదట వినీలనే నిలదీశారు. చూసుకోకుండా ఎలా పెట్టావు సంతకం అని ఒకరు, ఇప్పుడు కాదంటే నువ్వే దొంగవవుతావని ఒకరు. మన సర్టిఫికెట్లన్నీ ఆయన బీరువాలో ఉండగా నోరెత్తితే జన్మలో ఇంకెక్కడా పని దొరకదని ఒకరు. చచ్చిపోయినామె ఎలాగూ తిరిగి రాదు అన్న మాట కూడా వచ్చింది.

అంతవరకూ గోడనానుకుని వింటున్న ఉషారాణి అప్పుడు మాట్లాడింది.

"ఆ సోమవారం సాయంత్రం రూబీ నాకు ఫోను చేసింది. ఒక్క నాలుగ్గంటలు వచ్చి నిలబడక్కా, కళ్ళు మూతలు పడిపోతున్నాయని చెప్పడానికే చేసుంటుంది. నేను అప్పటికి పదహారు గంటలు చేసి వచ్చి పడుకున్నాను. పేరు చూశాను. ఎత్తలేదు."

వెనకనుంచి ఒకమ్మాయి, నాకూ చేసింది అంది. ఇంకొకామె తలొంచుకుని తనకి రెండుసార్లు చేసిందని చెప్పింది. అలా ఏడుగురు చెప్పారు. చెప్పినవాళ్ళు ఏడ్చారు. ఎవరు ఎవర్ని తిట్టాలి? మనిషిని పెట్టాల్సినవాడు పెట్టకుండా, అలిసిపోయినదాన్ని అలిసిపోయినదాని మీదకి తోశాడు. ఇన్నాళ్ళూ ఒకరి మీద ఒకరు విసుక్కున్నారే తప్ప, ఆ తోసిన చేతికేసి చూడలేదు.

"మరి రేపట్నుంచి వార్డులు వదిలేద్దామా?" అన్నారెవరో.

"రోగిని వదలం," అంది ఉషారాణి. "అది చేతకాకే కదా రూబీ పోయింది. మంచం పక్కనే నిలబడి చేద్దాం. రేపు రెండింటికి అన్ని డ్యూటీలవాళ్ళూ తెల్లకోట్లు వేసుకుని రండి."

మర్నాడు ఆడవాళ్ళ వార్డులో గోడల వెంబడి నలభైమంది నర్సులు బారుగా నిలబడ్డారు. వాళ్ళ వెనక ఆయాలు. పొద్దుటి డ్యూటీ వినీలది. ఆమె పుస్తకం తెరిచి, ఒకటో తేదీ కింద తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసింది. పక్కన రాసి అందరికీ వినబడేలా చదివింది: ఆ రోజు నేను ఈ ఊళ్ళోనే లేను. పదమూడున చేరాను. ఈ సంతకం నాచేత తర్వాత పెట్టించారు.

ఆమె తర్వాత ఉషారాణి రెండు మాటలు చెప్పింది. రూబీ ముప్ఫై గంటలు పనిచేసిందని ఆస్పత్రి రాసివ్వాలి. ఇకమీద మనిషిని పెట్టకుండా రెండో డ్యూటీ ఎవరిచేతా చేయించకూడదు.

మణిశంకర్ వచ్చాడు. ముందు నవ్వాడు. తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి బీరువా సంగతి గుర్తుచేశాడు. ఎవరూ కదలకపోయేసరికి బయటికి వెళ్ళి ఫోను చేశాడు. అరగంటలో పోలీసులొచ్చారు. ఆస్పత్రి రికార్డు పాడుచేసిందని వినీల మీద ఫిర్యాదు. ఎస్సై పుస్తకం చంకన పెట్టుకుని, జీపెక్కమన్నాడు.

"ఎక్కుతానండి. హేండోవర్ ఇచ్చి వస్తాను," అంది వినీల.

"హేండోవర్ ఏంటమ్మా ఇప్పుడు?"

"అది ఇవ్వకుండా వార్డు వదలకూడదండి."

మూడో మంచం ముసలమ్మ మొహమ్మీద దుప్పటి తీసి, "ఆగు నాయనా, మా సంగతి చెప్పనీ," అంది. వెంట వచ్చిన ఆడ కానిస్టేబులు ఎస్సై వంక చూసి, మెల్లిగా గోడ పక్కకి జరిగి నిలబడింది.

వినీల మొదటి మంచం దగ్గరకి వెళ్ళింది. ఆపరేషనై రెండో రోజు, సెలైన్ నాలుగింటికి మార్చాలి. రెండో మంచం, సుగరు చూడాలి. మూడో మంచం ముసలమ్మ అన్నం తినలేదు, కూతురొస్తే అడగాలి. ఉషారాణి పక్కనే నడుస్తూ వింటోంది. గోడల వెంబడి తెల్లకోట్లన్నీ వాళ్ళతో కదులుతున్నాయి. పది మంచాలూ అయ్యాయి. కానిస్టేబులు ముందుకొచ్చింది. వినీల చెయ్యి అడ్డుపెట్టింది.

"ఇంకొకటుందండి."

పదో మంచం పక్కన గోడ దగ్గర ఖాళీ జాగా ఉంది. వినీల అక్కడ నిలబడింది.

"రూబీ సిస్టర్. ఒకటో తేదీ సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కారు. రెండో తేదీ మంగళవారం మధ్యాహ్నం రెండింటికి దిగారు. మధ్యలో ఆవిణ్ణి విడిపించడానికి ఎవరూ రాలేదు. ఈ మాట మీకు అప్పగిస్తున్నాను."

"తీసుకున్నాను," అంది ఉషారాణి.

తర్వాత ఆ చివరినుంచి, ఈ చివరినుంచి, తీసుకున్నాం అన్న మాట మెల్లిగా వార్డంతా తిరిగింది. వాళ్ళు అరవలేదు.

జీపు గేటు దాటేటప్పుడు వినీల వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు పక్కన డేనియల్ నిలబడి ఉన్నాడు. ఎవరు కబురు పెట్టారో, కూతుర్ని కూడా తీసుకొచ్చాడు. పాప చేతిలో స్టీలు కేరేజీ ఉంది.

ఆ రాత్రికి ఉద్యోగం తీసేసినట్టు వినీలకి కాగితం అందింది. చేరి వారమైనా కాలేదు. కానీ అదే రాత్రి ఆస్పత్రి రిసెప్షనులో మణిశంకర్ నైటు డ్యూటీకి ఎవరు ఉండిపోతారని అడుగుతూంటే, ఎవరూ ఒప్పుకోలేదని కూడా ఇక్కడ రాయాలి. ఆ ఒక్క రాత్రికే ముగ్గురు కొత్త నర్సుల్ని ఊళ్ళోంచి వెతికి తెచ్చుకున్నాడు.

అంతకుముందే, జీపు వెళ్ళిన కాసేపటికి, పుస్తకం పోలీసులు పట్టుకుపోయారు కాబట్టి, ఉషారాణి ఒక తెల్ల నోటుబుక్కు తెచ్చి వినీల చెప్పిన మాటలన్నీ వరస తప్పకుండా రాసింది. నర్సులు ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టారు. అందరూ అయ్యాక, బేబి చీపురు గోడకి ఆనించి, కుడిచెయ్యి చీరకి తుడుచుకుంటూ బల్ల దగ్గరకి వచ్చింది.

"నా వేలు ఎక్కడ పెట్టాలమ్మా?" అని అడిగింది.